ఒరియా అక్షరాలు కలవు

"ఒరేయ్, ఎవరైనా సూస్తే దొంగనోట్లనుకుంటారు. పోలీసులొస్తార్రా!"

నా మాట వింటేనా! మా అబ్బాయి పురుషోత్తం, టెక్కలి పోస్టాఫీసులో గుమాస్తా, వసారాలో తాడు కట్టి వానకు తడిసిన ఆఫ్రికా నోట్లు బట్టల్లా ఆరేస్తున్నాడు. దేశదేశాల నోట్లు పోగేసే పిచ్చి వాడికి. ఇవి ఉద్దానం నుంచి వెళ్ళి ఓడ మీద పనిచేసే దాలయ్య తెచ్చిచ్చినవి. అతని ఇంటివాళ్ళకు ఉత్తరాలు చదివిపెట్టేది వీడే.

వచ్చింది పోలీసులు కాదు, వేదవతి. ఇచ్ఛాపురం పిల్ల. మా వీధిలో వాళ్ళ పిన్నిగారింట్లో ఉంటూ ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. వానకు మా వసారా ఎక్కి, బల్ల మీద మావాడు నోట్ల వివరాలు రాసుకునే రిజిస్టరు చూసి ఫక్కున నవ్వింది.

"'తూర్పు ఆఫ్రికా, ఇరవై షిల్లింగులు. ఒరియా అక్షరాలు కలవు.' ఏటండీ, ఆఫ్రికాలో మా ఊరోళ్ళున్నారా?"

"గుండ్రంగా ఉన్నాయి కదా... ఒరియా కాదా?"

"మా అమ్మ మాట్లాడేదే ఒరియా. ఇది గుజరాతీ. మా బజార్లో బట్టల సేటు బోర్డు ఇలాగే ఉంటుంది."

"అయితే మీరే దిద్దండి!"

కోపంగా ఇచ్చిన ఆ రిజిస్టరు కోసం ఆ పిల్ల ప్రతి ఆదివారం రాసాగింది. దేశం, ఏడాది, రంగు, లోపాలు అని గళ్ళు గీసింది. "చిరుగు, మరక, మడత" అని మావాడు చెబుతుంటే రాసేది. ఇద్దరి కళ్ళూ మాత్రం నోట్ల మీద ఉండేవి కావు. వీధివాళ్ళేమంటారో, ఆ పిల్లకు బదిలీ అయితే వీడేమైపోతాడో అని నాకు అన్నం సయించేది కాదు.

ఉన్నట్టుండి రావడం మానేసింది. రెండు వారాలు! రిజిస్టరు ఆఖరి పేజీలో చూస్తే, లోపాల గడిలో ఏవో గుండ్రటి అక్షరాలు.

"ఏటిరా ఇది? ఇంక రాననా?"

"గుండ్రంగా ఉంటే గుజరాతీయేనమ్మా, ఆవిడే చెప్పిందిగా. పలాసకి జీడిపప్పు సేటు వచ్చాడట, చదివించుకొస్తా." ఆ అక్షరాలు చీటీ మీద ఎక్కించుకుని బస్సెక్కాడు.

ఆ పూటే తెలిసింది, మర్నాడు వేదవతి నాన్నగారు వచ్చి పెళ్ళిచూపులకు తీసుకుపోతారని. రిజిస్టరు కొంగులో దాచి వానలోనే పరుగెత్తాను.

"తల్లీ, ఇదేటి రాసావు? మావాణ్ణి ఓడెక్కి పొమ్మన్నావా?"

ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పదిహేను రోజులైందండి అత్తయ్యగారూ. ఆయన ఔననలేదు, కాదనలేదు."

"వాడు గుజరాతీ అనుకుని సేటు కోసం తిరుగుతున్నాడే!"

"అయ్యో, ఒరియా అండీ! అంత ఎగతాళి చేశాక పోల్చుకుంటారనుకున్నాను." ఏడుస్తూనే నవ్వింది. తర్వాత మెల్లగా చదివింది. "'నాలో లోపాలుంటే ఈ గడిలో రాయండి. లేకపోతే మా నాన్నగారితో మాట్లాడండి.'"

చేయి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చాను. సాయంత్రానికి మావాడు తడిసి వచ్చాడు.

"అమ్మా, సేటుకీ చదవడం రాలేదే!" అంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

వేదవతి తలవంచుకుని మళ్ళీ చదివింది. వాడు రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. కలం తీశాడు. ఏం రాస్తాడో అని నేను తొంగిచూశాను.

లోపాల గడిలో రాశాడు: "లేవు."

"ఈసారైనా తప్పుల్లేవు కదా, టీచరుగారూ?"

"రాత బాగులేదు. దిద్దించాలి," అందా పిల్ల.

మర్నాడు వాళ్ళ నాన్నగారికి రిజిస్టరే చూపించాం. పైన ఒరియా చదివారు, కింద తెలుగు చదివారు, కూతురి వంక చూశారు. "మరింకేటి!" అన్నారు.

మాఘంలో ముహూర్తం. మాఘంలో తుఫాన్లు రావని అందరూ అంటున్నారు గాని, నాకు నమ్మకం లేదు.