కానిస్టేబుల్ రాసిన తొమ్మిది

ఏప్రిల్ మొదటి సోమవారం. పొద్దుటి నుంచి సన్నటి జల్లు. ఐర్లండ్ పడమటి అంచున, మేయో తీరంలో అలాంటిదాన్ని వానగా ఎవరూ లెక్కచేయరు. తలంటుకున్న జుట్టు భుజాల మీద ఆరబోసుకుని, నోరీన్ వంటింటి బల్ల ముందు కూర్చుంది. పొయ్యిలో టర్ఫ్ గడ్డలు, బురదనేల నుంచి కోసి ఎండబెట్టినవి, నిదానంగా కాలుతున్నాయి. బల్ల మీద రెండు పాత కాగితాల నకళ్లు.

రెండూ 1911 జనాభా లెక్కలవే. రెండూ ఈ ఇంటివే. మొదటిది ముత్తాత మార్టిన్ పాడెన్ తన చేత్తో నింపింది. తను, భార్య ఆనర్, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. ఎనిమిది మంది. రెండోది, ఆ కాగితం తీసుకెళ్లడానికి మర్నాడు, ఏప్రిల్ మూడున, గడప దాకా వచ్చిన కానిస్టేబుల్ రాసుకున్న పట్టీ. మగవాళ్లు నలుగురు, ఆడవాళ్లు ఐదుగురు. తొమ్మిది మంది.

సబీనా అని ఇంకో కూతురు ఉండేది నిజమే. కానీ ఆ పిల్ల అదే ఏడాది జనవరిలో జ్వరంతో పోయింది. మరణాల రిజిస్టరులో ఉంది.

"నీ చచ్చినవాళ్ల పంచాయితీ తెగిందా?" బూట్లు తొడుక్కుంటూ అడిగాడు భర్త డోనల్.

"కానిస్టేబుల్ తప్పు రాశాడు."

"ముందురోజు రాత్రి తాగింది దిగుండదు పాపం." అతను దూడలకు దాణా వేయడానికి వెళ్లిపోయాడు.

నాలుగేళ్లుగా ఆమెకు ఇదే పని. లైబ్రరీ తరగతిలో నేర్పారు. రెండు కాగితాలు పోట్లాడుకుంటే మూడు సంగతులు చూడాలి. రాసినవాడు కళ్లారా చూశాడా? అప్పుడే రాశాడా? అబద్ధమాడే అవసరం ఉందా? ఉన్న ఒక్క కూతురు ఓర్లా పోయాక, ఈ ఇంట్లో ఆమెకు రాత్రుళ్లు గడిచేలా చేసినవి ఆ ప్రశ్నలే. పిల్ల ఒక్కసారి కనబడితే చాలనుకుంది. నాలుగేళ్లు ఎదురుచూసింది. కనబడలేదు.

మూడు దాటాక తలుపు చప్పుడైంది. ఈ ఏటి లెక్కల కాగితం కోసం వచ్చిన మనిషి. ఫిలోమినా అట, బాలినా పట్నం నుంచి వస్తోందట. ఈ వైపు కొత్త.

"మీ కుక్క కరుస్తుందా, బెదిరిస్తుందా?"

"దానికి పళ్లే లేవు. రండి, టీ తాగుదురుగాని."

"వద్దు తల్లీ. ఇది పదకొండో ఇల్లు. ఇంకో కప్పు పడిందంటే దారిలో ఏ గోడ పక్కనో బండి ఆపాలి."

ఫిలోమినా కాగితం చూసింది. తన ఫోను చూసుకుంది. మళ్లీ కాగితం చూసింది.

"ఇద్దరనే రాశారే."

"ఇద్దరమే."

"కాగితం ఇచ్చిపోయిన రోజు నేను ముగ్గురని ఎక్కించానే. మగ ఒకరు, ఆడ ఇద్దరు. నిన్న రాత్రి అమ్మాయి ఇంట్లో లేదా?"

పొయ్యిలో గడ్డ ఒకటి విరిగి కూలింది.

"ఏ అమ్మాయి?"

"ఆ కిటికీలో నిలబడింది. అమ్మ ఉందా అంటే వేలితో మేడ మీదికి చూపించింది." ఫిలోమినా నోరీన్ భుజం మీదుగా మెట్ల వైపు చూసి, పసిపిల్లల్ని పలకరించినట్టు నవ్వింది. "అదిగో, మాట్లాడుకుంటుంటే వచ్చేసింది."

నోరీన్ తిరిగి చూసింది.

మెట్లు. కొక్కేనికి డోనల్ కోటు. అంతే.

"ఎలా ఉంది?" గుసగుసగా అడిగింది.

"మీ పిల్ల ఎలా ఉందని నన్నడుగుతారేం?"

"చెప్పండి."

ఫిలోమినా నవ్వు ఆగిపోయింది. "పన్నెండేళ్లుంటాయేమో. నీలం స్వెటరు. జడ ఒక పక్కే వేసుకుంది. రెండో పక్క విరబోసుకుంది..."

శవపేటికను ఈ గదిలోనే ఉంచారు. ఊరు రాకముందు నోరీన్ తలుపేసుకుని పిల్లకు జడలు వేయబోయింది. ఒకటి వేసింది. రెండోదానికి చేతులు ఆడలేదు. విడి జుట్టును దిండు కిందికి దోపేసింది. ఆ సంగతి డోనల్‌కి కూడా చెప్పలేదు.

"కాగితం దిద్దుతారా మరి?"

"రేపు రండి."

కారు చప్పుడు దూరమైంది. జల్లు చిక్కబడి, గదిలో అప్పుడే మసక కమ్మింది. కరిగిన మైనం వాసన, ఆనాడు పేటిక పక్కన వెలిగించిన కొవ్వొత్తులది. దాని కింద, ఓర్లా తలకు రాసుకునే ఆపిల్ సబ్బు వాసన.

"ఓర్లా..."

మూడో మెట్టు కిర్రుమంది. ఆమె రెండు చేతులూ చాచింది. ఖాళీ.

"ఊరూ పేరూ తెలియని మనిషికి కనబడ్డావు కదే... నాకెందుకు కనబడవు?"

మెడ వెనక చల్లగా ఏదో తగిలింది. ఆగింది.

ఆమె మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. కానిస్టేబుల్ కళ్లారా చూశాడు. అక్కడికక్కడే రాశాడు. అబద్ధమాడే అవసరం అతనికి లేదు. అవసరం ఉంటే తండ్రికే ఉండాలి... లేదా తనలాగే ఆ తండ్రికీ కనబడలేదేమో.

మరి ఆనర్‌కి?

ఆ తల్లి ఎప్పుడు పోయిందో నోరీన్ ఇంతవరకూ వెతకలేదు. ముసలితనంలోనే పోయుంటుందనుకుంది. ఇప్పుడు కంప్యూటరు తెరిచి, మరణాల రిజిస్టరులో 1911 అని కొట్టింది.

దొరికింది. ఏప్రిల్ ఆరు. కానిస్టేబుల్ వచ్చి వెళ్లిన మూడో రోజు. ఆనర్ పాడెన్, నలభై ఒక్కేళ్లు. కారణం తెలియదు. చివరి గడిలో, చావు కబురు తెచ్చి రాయించినవారి పేరు.

సబీనా పాడెన్. కూతురు. ప్రాణం పోయేటప్పుడు పక్కనే ఉంది. చదువు రాదు కనుక, సంతకం బదులు ఒకదానికొకటి అడ్డంగా రెండు గీతలు.

గుమస్తా తప్పు రాశాడని నోరీన్ అనుకోలేదు.

ఎంతసేపు అలా కూర్చుందో ఆమెకు తెలియదు. నిప్పు బూడిదైంది. ఆ చల్లదనం మాత్రం మెడ మీద కదులుతూనే ఉంది... ఆగుతూ... కదులుతూ... ఆమె కదలలేదు. కదిలితే వెళ్లిపోతుందేమో.

వెనక తలుపు తెరుచుకుంది. డోనల్ దీపం వేశాడు.

"చీకట్లో కూర్చున్నావేం? కానిస్టేబుల్‌ని కొలువులోంచి పీకేశావా లేదా?"

"అతను సరిగ్గానే రాశాడు, డోనల్."

అతను దగ్గరికొచ్చాడు. ముఖంలో నవ్వు తగ్గింది.

"ఇదేంటి నోరీన్?"

"ఏది?"

"నీ జుట్టు."

ఆమె చేయి పెట్టి చూసుకుంది. ఎడమవైపు, చెవి పక్కనుంచి, బిగువుగా, నున్నగా అల్లిన జడ. చివర తడిగా ఉంది.

కుడివైపు జుట్టు ఇంకా విరబోసే ఉంది.