వ్యానుకి తలంటు

"ఆగండి! ఆ బ్లేడు పక్కన పెట్టండి ముందు!"

ఆసుపత్రి వరండాలోంచి నర్సు కృపావతి వేసిన కేకకి డ్రైవర్ ఇశ్రాయేలు చేతిలోని బ్లేడు జారి నేలమీద పడింది.

అరవై రెండో సంవత్సరం ఎన్నికలు అప్పుడే ముగిశాయి. నందిగామలో పోస్టరు లేని గోడ లేదు. గోడలు చాలలేదేమో, ఊరూరా తిరిగి మందులిచ్చే ఆసుపత్రి వ్యానుని కూడా వదల్లేదు. నీలిరంగు మీద తెల్లగా మెరిసే 'సంచార వైద్యశాల' అన్న అక్షరాలు కాగితాల కింద కప్పబడిపోయాయి.

"గీకకపోతే ఎట్లా పోతాయి సిస్టర్ గారూ? సోమవారానికి శుభ్రం కాకపోతే బెజవాడ పంపించి మొత్తం రంగు కొట్టిస్తామన్నారు డాక్టరమ్మ గారు."

"గీకితే ఏమవుద్దో చూసారుగా!"

అతను చూశాడు. ఊడిన కాగితంతోపాటు చివరి 'ల' సగం లేచిపోయింది.

"ఒక్క అక్షరానికి ఇంత కోపమా అండీ?"

కృపావతి గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆసుపత్రి వెనక ఉన్న తన గదిలోకి వెళ్ళిపోయింది. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక పెట్టె. డ్యూటీ అయ్యాక ఆ గదిలో ఆమెతో మాట్లాడే మనిషి ఉండడు. కొన్ని రోజులు తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుంది. జగ్గయ్యపేటలో ఇల్లుంది కానీ, తండ్రి పోయినప్పటి నుంచి దానికి తాళమే.

ఆ అక్షరాలు రాసింది ఆ తండ్రే. జగ్గయ్యపేటలో లారీలకి, కొట్ల బోర్డులకి రంగులేసే ఏసురత్నం. ఆయన రాసిన బోర్డులు ఒక్కొక్కటే మారిపోయాయి. మిగిలింది ఈ వ్యానే. బెజవాడ వెళ్ళిందంటే అదీ పోతుంది.

కళ్ళు తుడుచుకుని లేచింది. గోరువెచ్చని నీళ్ళ బకెట్, గోనెపట్టాలు, కొబ్బరినూనె సీసా, కుంకుడు రసం గిన్నె పట్టుకుని బయటికొచ్చింది.

ఇశ్రాయేలు అప్పటికే ఒక డబ్బా తెచ్చి మూత తీస్తున్నాడు.

"ఏంటది?"

"పెట్రోలండి. గీకొద్దన్నారుగా."

"అయ్యో, అది బంకనే కాదు, రంగునీ తినేస్తుంది. ముందు పట్టాలు తడిపి కప్పండి. కాగితం నానితే దానంతటదే వస్తుంది."

ఇద్దరూ తడి పట్టాలు కప్పారు. ఆరకుండా పైన నీళ్ళు చల్లుతూ ఎదురుచూశారు. కాసేపటికి మైదా బంక మెత్తబడి, కాగితాలు పొరలు పొరలుగా చేతికొచ్చాయి. కానీ ఎవరో గుడ్డజెండాలని సైకిల్ పంక్చర్లకి వాడే సొల్యూషన్‌తో అంటించారు. గుడ్డ ఊడింది గానీ జిగురు మాత్రం నల్లగా పట్టుకునే ఉంది.

కృపావతి మెత్తని గుడ్డకి కొబ్బరినూనె అద్ది, ముందు కింద అంచున ఓ మూల రుద్ది చూసింది. గుడ్డకి నీలం అంటలేదు. అప్పుడు జిగురు మీద నూనె పట్టించి, నానబెట్టి, వేలితో నెమ్మదిగా నులిమింది. ఉండలు ఉండలుగా లేచి వచ్చింది.

"ఇప్పుడు కుంకుడు రసం ఇవ్వండి. జిడ్డుంటే దుమ్మంతా పట్టేస్తది."

ఇశ్రాయేలు గిన్నె అందిస్తూ పకపకా నవ్వాడు.

"అంటే వ్యానుకి తలంటు పోస్తున్నామన్నమాట! సాంబ్రాణి కూడా తెమ్మంటారా?"

ఆమెకీ నవ్వు ఆగలేదు. నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వుతూనే ఎందుకో ఏడ్చేసింది.

అతను గాభరాపడ్డాడు. "నేనేమన్నా తప్పుగా అన్నానా అండీ?"

అప్పుడు చెప్పింది. ఆ అక్షరాలు ఎవరివో, ఎందుకంత కేకేసిందో.

 ఇశ్రాయేలు సగం పోయిన 'ల'ని వేలితో తడిమాడు.

"మా అమ్మ పోయాక ఆమెదంటూ ఏమీ మిగల్లేదండి. మీకు మిగిలినదాని మీద నేను బ్లేడు పెట్టా."

"తెలీదుగా మీకు."

"మీరు రాయలేరా దాన్ని?"

"నాన్న పక్కన కూర్చుని చూసా. ఆయన పోయాక కుంచె ముట్టుకోలేదు. చెయ్యి వణుకుద్ది."

"వణికితే వణకనివ్వండి. నేనున్నాగా, డబ్బా పట్టుకుంటా."

పెట్టెలోంచి తండ్రి కుంచె బయటికొచ్చింది. అతను బజారుకెళ్ళి తెల్లరంగు తెచ్చాడు. తడి పూర్తిగా ఆరేదాకా ఆగి, ఊపిరి బిగబట్టి ఆమె ఒంపు తిప్పింది. 'ల' తోక కాస్త వంకరపోయింది. తండ్రి చూస్తే ఎంత నవ్వేవాడో ఊహించుకుంటే, ఆ రోజు మొదటిసారి ఆమె గుండె తేలికపడింది.

సోమవారం డాక్టరమ్మ వ్యాను చుట్టూ తిరిగి చూసి, "ఇంక బెజవాడ ఎందుకు? బయల్దేరండి," అంది.

ఆ రోజు కంచికచర్లలో క్యాంపు. వెనక మందుపెట్టెల మధ్య కృపావతి ఒక్కతే కూర్చుంది. మున్నేటి వంతెన దాటగానే ఇశ్రాయేలు వ్యాను ఆపి, కిందికి దిగి, వెనక తలుపు దగ్గరికొచ్చాడు.

"ఇంజను వేడెక్కిందా?"

"ఇంజను బాగానే ఉందండి. నాకే బాలేదు."

"జ్వరమా?" ఆమె థర్మామీటరు కోసం వెతకబోయింది.

"అది కాదండి. ఇకనుంచి మిమ్మల్ని సిస్టర్ గారూ అని పిలవడం నావల్ల కాదు."

ఆమె చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది.

"మరి ఏమని పిలుస్తారు?"

"కృపా అని. మీకిష్టమైతేనే."

కింద ఇసుకలో ఏటి నీళ్ళు సన్నగా పారుతున్నాయి. ఆమె అటే చూసింది.

"అడగడానికి నాకు పెద్దవాళ్ళెవరూ లేరు," అంది చివరికి.

"నాకు వత్సవాయిలో అన్నయ్య ఒక్కడే. మరి మీ తరఫున ఎవర్ని అడగమంటారు?"

"నన్నే అడగండి."

"అడుగుతున్నా."

 ఆమె కిందికి దిగి, వ్యాను చుట్టూ నడిచి, ముందు తలుపు తీసి అతని పక్క సీట్లో కూర్చుంది.

"పదండి. కంచికచర్లలో జనం ఎదురుచూస్తుంటారు."