లోగొంతు పట్టీ

సువార్త సంచీ సర్దుతోంది. చంద్రుడి మీద బట్టలు మడత పెట్టడం కొత్తవాళ్లకు చేతకాదు. దులిపిన దుప్పటి కిందికి దిగడానికి సావకాశంగా, పొగలా, దాని ఇష్టం వచ్చినంతసేపు తీసుకుంటుంది. సువార్త ఇక్కడే, చలువకోన అనే ఈ సొరంగాల ఊళ్లోనే పుట్టింది గనుక ఆమె చేతులకు ఆ నిదానం అలవాటే. ఇవాళ మాత్రం అన్నీ ఇంకా నిదానంగా జరిగితే బాగుండునని ఉంది. రేపు పొద్దున కూతురు రూతు అంగారకుడికి వెళ్లే ఓడ ఎక్కుతుంది. ఆ ఓడను వెళ్లడానికే కట్టారు. తిరిగి రావడానికి దానికి ఇంధనం లేదు.

"గోంగూర పొడి పెట్టావా?" పక్క గదిలోంచి భర్త ప్రభుదాసు కేకేశాడు.

"పెట్టాను."

"రెండు డబ్బాలు పెట్టు. ఆ ఎర్రమట్టిలో ఏం పండుద్దో ఏం పాడో."

"అంతగా ఉంటే మీరే వచ్చి సర్దండి."

"సర్దుతాను, నాకేం! నేనేమన్నా ఏడుస్తున్నానా?" అన్నాడు. ఆ మాట పూర్తవకముందే ఆయన మెడకున్న పట్టీ, అచ్చం ఆయన గొంతుతోనే, పైకి అంది: "ఇప్పుడు ఆ గదిలోకెళ్తే ఏడ్చేస్తాను."

వంటింట్లో పప్పు మెదుపుతున్న రూతు పకపకా నవ్వింది. "నాన్నా, దొరికిపోయావ్!"

ముగ్గురి మెడలకూ పట్టీలున్నాయి. ఇంట్లోంచి ఒకరు దూరమయ్యే ముందు ఇంటిల్లిపాదీ వాటిని కట్టుకోవాలని డాక్టర్ నాంచారమ్మ పెట్టిన నియమం. పాత కోరికలు ఎడబాటు వేళే తలుపు తడతాయని ఆవిడ అంటుంది.

ఆవిడ కనిపెట్టింది చెబితే చిన్న సంగతే. మనిషి ఏ తప్పు చెయ్యబోయినా, ముందు తనకు తానే ఒక సాకు చెప్పుకుంటాడు. పెదవి కదలదు, శబ్దం రాదు. కానీ కంఠంలోని సన్నని కండరాలు ఆ మాట పలకబోయినట్టే కదులుతాయి. ఆ కదలికను పట్టీలోని సెన్సర్లు చదువుతాయి. కోరిక బలం ఒక హద్దు దాటితే, పట్టీ ఆ మాటను అదే మనిషి గొంతుతో బయటికి వినిపిస్తుంది. అందుకే దాన్ని లోగొంతు పట్టీ అన్నారు. లోపల మెత్తగా, తియ్యగా ఉండే సాకు బయటికి వినబడగానే సగం బలం పోగొట్టుకుంటుంది. మిగిలిన సగాన్ని ప్రశ్నలతో పడగొట్టాలి. ఆ పని యంత్రం చెయ్యదు, మనిషే చెయ్యాలి. ఈ రెండో సంగతి మరిచిపోకపోవడంలోనే నాంచారమ్మ గొప్పతనమంతా ఉంది.

మూడేళ్ల కిందట రూతుకు పదహారు. అప్పట్లో సొరంగాల్లోని పిల్లల్లో మంచురేకు అనే మత్తు పాకింది. గోరంత నీలిపొర. నాలుక కింద పెట్టుకుంటే ఒంటరితనం కరిగిపోతుంది, దాంతోపాటు చదువూ, ఆకలీ, నిద్రా కూడా. నీళ్ల గొట్టాల దగ్గర పెదాలు నీలమెక్కి పడి ఉన్న కూతుర్ని సువార్త తన చేతులతో ఎత్తుకొచ్చింది. ఆ రోజు నించి దాచిన రేకుల కోసం ఆ పిల్ల బట్టల అంచులన్నీ వేళ్లతో తడమడం ఆమెకు అలవాటైంది.

నాంచారమ్మ మూడు పట్టీలు తీసి బల్ల మీద పెడితే ప్రభుదాసు విసుక్కున్నాడు.

"తిన్నది అది. మా మెడలకెందుకమ్మా?"

"ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే మీరు ఒక్కరికే నీళ్లు కాస్తారా, అందరికీనా?"

ఆయన ఒక పట్టీ తీసి కట్టుకున్నాడు.

కాసేపటికి రూతు పట్టీ గుసగుసలాడింది: "ఒక్కసారే. ఎవరికీ తెలీదు. రేపట్నించి మానేస్తాను."

పిల్ల సిగ్గుతో తల వంచుకుంది. నాంచారమ్మ మాత్రం, దారిన పోయేవాళ్లెవరో అన్న మాట విన్నట్టు, "ఎవరికీ తెలీదంటోంది. సాక్ష్యం ఏంటమ్మా?" అని అడిగింది.

రూతు ఆలోచించింది. "పోయినసారి అమ్మకు తెలిసిపోయింది. అంతకుముందు నాన్నకు."

"మరి రేపట్నించి మానేస్తానంటోంది?"

"నిన్న కూడా అదే అంది డాక్టరమ్మా," అని ఆ పిల్ల చాలా నెలల తర్వాత నవ్వింది.

ప్రభుదాసు పట్టీ "నాలుగు తగిలిస్తే దారికొస్తది" అంది. ఆయన సాక్ష్యం వెతుక్కుని, దొరక్క, కళ్లు తుడుచుకున్నాడు. సువార్త పట్టీ మాత్రం "ప్రభువా, నా బిడ్డను నా దగ్గరే ఉంచు" అంది. తండ్రీ కూతుళ్లు అది ప్రార్థన అనుకున్నారు. నాంచారమ్మ ఒక్కతే ఆమెకేసి కాసేపు చూసి, "అది ప్రార్థనో కోరికో ఎప్పుడన్నా చూసుకోమ్మా" అంది. సువార్తకు ఆ మాట నచ్చలేదు.

రూతు బాగుపడింది. రెండుసార్లు జారింది, లేచింది. తన కోరికకు బావ అని పేరు పెట్టింది. పట్టీ గుసగుస మొదలెట్టగానే, "వచ్చావా బావా? సాక్ష్యం తెచ్చుకున్నావా, వట్టి చేతులతో వచ్చావా?" అని వేళాకోళమాడేది. తర్వాత నాంచారమ్మ పక్కన కూర్చుని తనలాంటి పిల్లల చేత ఆ ప్రశ్నలు అడిగించడం నేర్చుకుంది. అంతలో అంగారకుడి మీది ఊళ్లకూ మంచురేకు చేరిందని కబురొచ్చింది. అక్కడ పట్టీలున్నాయి గానీ పక్కన కూర్చునేవాళ్లు లేరు. ముసలి నాంచారమ్మ గుండె ఆ ప్రయాణానికి తట్టుకోదు. "నేను వెళ్తాను," అంది రూతు. తన బడిసంచీయే తీసుకెళ్తానంది.

ఇప్పుడు ఆ సంచీ అంచులే సువార్త వేళ్లు తడుముతున్నాయి. అవసరం లేదని తెలుసు. వేళ్లకు తెలీదు. అడుగు కుట్టు దగ్గర ఏదో పెళుసుగా తగిలింది.

గోరంత నీలిపొర. మూడేళ్ల కిందట దాచినవాళ్లే మరిచిపోయినది.

రేపు పొద్దున ఓడ దగ్గర రక్తం చూస్తారు. మంచురేకు జాడ కనిపిస్తే ఎక్కనివ్వరు. అలాంటి ఓడ మళ్లీ ఎప్పుడు కడతారో ఎవరికీ తెలీదు.

ఆమె గుప్పిట మూసింది. అప్పుడు ఆమె పట్టీ, ఆమె గొంతుతోనే, పైకి అంది: "ఒక్కసారే. దానికి తెలీదు. పప్పులో కలిసిపోద్ది. రేపట్నించి మళ్లీ మంచి తల్లినే."

వంటింట్లో పప్పుగుత్తి చప్పుడు ఆగింది.

రూతు గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే ప్రభుదాసు. సువార్త గుప్పిట తెరుచుకుంది, దాచడానికి ఇక ఏమీ లేదు గనుక. ఆ నీలం చూడగానే రూతు పట్టీ కూడా పలికింది: "ఒక్కటే. ఇక్కడ ఇదే ఆఖరు."

సువార్త హడలిపోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. రూతు వచ్చి ఆమె పక్కన కూర్చుంది. మొహం పాలిపోయింది గానీ పెదవి మీద నవ్వు లాంటిదేదో ఉంది.

"మీ బావా, మా బావా ఒకే ఊరివాళ్లే అమ్మా."

"నన్ను తిట్టవే. తిట్టు."

"తిట్టను. సాక్ష్యం అడగనా?"

సువార్త తలూపింది.

"నాకు తెలీదంటోంది."

"నీకు తెలుస్తుంది," అంది సువార్త. "ఎవరికి తెలియకపోయినా ఆ రుచి నీకు తెలుస్తుంది. ఆ కోరిక మళ్లీ లేస్తుంది."

"రేపట్నించి మంచి తల్లినంటోంది."

సువార్త అరచేతిలోని రేకుకేసి చూసింది. "ఓడ నువ్వు లేకుండా వెళ్తుంది. నీ పెదాలు మళ్లీ నీలమెక్కుతాయి. ఈసారి నా చేత్తోనే."

లేచి, వంటింట్లోకి నడిచి, ఆ రేకును పొయ్యి మంటలో వేసింది. అది చిటుక్కుమని కాలిపోయింది. ప్రభుదాసు ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు ఆమె పట్టీ మళ్లీ, ఈసారి చాలా మెల్లగా, అంది: "బిడ్డ ఉండిపోతే బాగుండు."

సువార్త పట్టీ విప్పేయబోయింది. రూతు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అమ్మా. దీనికి నేను సాక్ష్యం అడగను."

ముగ్గురూ కూర్చుని పప్పన్నం తిన్నారు. తిన్నాక ప్రభుదాసే వెళ్లి రెండో గోంగూర డబ్బా సంచీలో పెట్టాడు.

ఓడ 2094 ఏప్రిల్ పదకొండున, పొద్దున, చలువకోన నించి వెళ్లింది. రూతు మళ్లీ రాలేదు.