తడిగుడ్డ మీద ఉప్పు

మోషే చనిపోయినా గిలకలదిండి రేవులో చేపల వేలం ఆగలేదు. ఐసు గడ్డల మధ్య బోర్లా పడి ఉన్నవాణ్ణి చూసి, తాగి పడిపోయాడనుకున్నారు జనం. మెడ వెనక దిగిన విషపు సూది గూఢచారి గిరిధర్‌కి మాత్రమే కనిపించింది. ఐసు మోసే కూలీగా ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు చేరవేసినవాడు మోషే. మొన్ననే, పెళ్ళికి తప్పకుండా రావాలని గిరిధర్ దగ్గర మాట తీసుకున్నాడు.

బందరు బస్టాండు ఎదుట ఎస్టీడీ బూత్‌లో దూరి గిరిధర్ తలుపేసుకున్నాడు.

"బందరు లడ్డు దొరికిందా?" అవతల చీఫ్ సూర్యప్రకాశరావు గొంతు.

"పాకం ముదిరిపోయిందండీ." కొరియర్ పోయాడని ఆ కోడ్‌కి అర్థం.

"మోషే మన మనిషని తెలిసింది నీకూ, డాక్టర్ సుహాసినికీ మాత్రమే."

"ఆవిడ కూడా మన మనిషే కదండీ."

"వాళ్ళ మనిషి కూడా. ఇద్దరి దగ్గరా పనిచేసేవాళ్ళు చివరికి ఒకరి దగ్గరే మిగుల్తారు. ఇవాళ గుడివాడ పుట్టగొడుగుల సెంటర్ నుంచి వ్యాన్ బయల్దేరుతుంది. ఆవిడ అడ్డొస్తే షూట్ చెయ్."

'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా ఆయుధం బాంబు కాదు, బూజు. పుట్టగొడుగు మీదే పెరిగి పుట్టగొడుగునే తినే బూజు. సాలెగూడులా అల్లుకుంటుంది, తర్వాత అంతా కుళ్ళిపోతుంది. తమ మందు తప్ప మరే మందుకీ లొంగని రకాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు. ముందు తెగులు, తర్వాత ఆ మందు అమ్మకం. మొదటి గురి దివిసీమ. గుడివాడ సెంటర్‌లో మట్టి కప్పి సిద్ధం చేసిన పాల పుట్టగొడుగుల సంచులు హంసలదీవి ఆడవాళ్ళకి వెళ్తాయి. వాళ్ళలో చాలామంది మొగుళ్ళని సముద్రం తీసుకుపోయింది. ఆ సంచులే వాళ్ళ కూడు.

ఆర్కిడ్‌లో చేరినట్టు నటిస్తూ రహస్యాలు పంపుతున్న సైంటిస్టు సుహాసిని. ఆమె నవ్వితే ట్రైనింగ్‌లో సగం మందికి గురి తప్పేది. గిరిధర్‌కి అయితే ప్రతిసారీ తప్పేది.

గుడ్లవల్లేరు నుంచి గడ్డి లారీ ఎక్కి, పెట్టుడు మీసంతో, భుజాన కండువాతో, గడ్డి వ్యాపారి శోభనాద్రిగా గిరిధర్ సెంటర్‌లో దిగాడు. చెప్పులో ట్రాన్స్‌మీటర్, నడుముకి పిస్టల్. షెడ్డులో అడుగుపెట్టగానే ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. మెయిన్ స్విచ్ దగ్గర పట్టుచీరలో సుహాసిని నిలబడి ఉంది.

"చెయ్యి తియ్," అని పిస్టల్ ఎత్తాడు.

"ఆ మీసం నీకు బాలేదు బావా." ఆమె స్విచ్ వదల్లేదు.

"ఫ్యాన్లు ఎందుకు ఆపావు? గాలాడక పంట చావాలనేగా?"

"ఆ మూల చూడు."

మూల సంచిలో పాలలాంటి పుట్టగొడుగు మీద బూడిదరంగు తెర అల్లుకుని ఉంది.

"ఆ బూజు ఇప్పుడే ముదిరింది. ఇక గాలి తగిలిందంటే దుమ్ములా లేచి సంచులన్నిటి మీదా పడుతుంది. ముందు తడిగుడ్డ కప్పాలి, దాని మీద ఉప్పు పొయ్యాలి. మందులకి లొంగనిది ఉప్పుకి లొంగుతుంది. ఉప్పు తెచ్చాను. నీ కండువా తడిపి ఇవ్వు. కరెంటు పోతే జనరేటర్ దానంతటదే అందుకుంటుంది, కానీ పాతది, కాస్త టైం పడుతుంది. ఆ టైం ఒక్కటే మనకి మిగిలింది."

"మోషేని ఎవరు చంపారు?"

"శ్రీచరణ్, ఈ సెంటర్ మేనేజర్. వాడు ఆర్కిడ్ మనిషి, ఆ బూజు పెట్టిందీ వాడే. నిన్న నా వెనకాలే రేవుకొచ్చి మోషేని పసిగట్టాడు. చూసుకోలేకపోయాను, నా తప్పే. ముందు కండువా ఇవ్వు గిరీ!"

ఆమె కళ్ళలోంచి నీళ్ళు జారాయి. గిరిధర్ ఇవ్వలేదు. నమ్మాలని ప్రాణం కొట్టుకుంటోంది, కానీ పిస్టల్ దించలేదు. కన్నీళ్ళని నమ్మకూడదని డిపార్ట్‌మెంట్ నేర్పింది. నిజమైన కన్నీళ్ళొస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

తూటా తగిలి వెనక కిటికీ అద్దం భళ్ళుమంది. సుహాసిని సంచుల మధ్య కూలబడింది. గిరిధర్ చప్పున తిరిగి కాల్చాడు. కిటికీ అవతల శ్రీచరణ్ పడిపోయాడు. అదే క్షణంలో జనరేటర్ దగ్గి, గుర్రుమంది.

"నన్ను కాదు... దాన్ని చూడు," అంది సుహాసిని.

కండువా నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఊపిరి బిగబట్టి, నిద్రపోయే పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు మెల్లగా పుట్టగొడుగు మీద పరిచాడు. ఆమె సంచిలోని కల్లుప్పు గుప్పిళ్ళతో పోశాడు. చివరి గుప్పెడు పడుతుండగా ఫ్యాన్లు తిరిగాయి. ఒక్క పోగు కూడా పైకి లేవలేదు.

"కప్పావా?"

"కప్పాను."

"దాని మీద ఊదలేదు కదా, బావా?" అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది.

గిరిధర్ పెట్టుడు మీసం పీకి పారేసి, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అడగ్గానే కండువా ఇచ్చి ఉంటే ఇద్దరూ ఆ మూల వంగి ఉండేవాళ్ళు. కిటికీకి ఎదురుగా నిలబడి తనకి సంజాయిషీ చెప్పుకునే గతి ఆమెకి పట్టేది కాదు.

ఆ మూల సంచిని గొయ్యి తీసి పాతిపెట్టాకే వ్యాన్ కదిలింది. సాయంత్రం హంసలదీవిలో ఆడవాళ్ళు సంచులు దించుకుంటూ, డాక్టరమ్మ రాలేదేమని డ్రైవర్‌ని అడిగారట.

ఎస్టీడీ బూత్‌లో చీఫ్ గొంతు మెల్లగా పలికింది. "ఏ ఆయుధంతో ఆపారు?"

"కల్లుప్పుతో సార్."

"మరి మనం ఇచ్చిన పిస్టల్?"

"అది ఆవిణ్ణి కిటికీకి ఎదురుగా నిలబెట్టడానికి బాగా పనికొచ్చింది సార్," అని గిరిధర్ ఫోన్ పెట్టేశాడు.