తీసిపెట్టిన పిడికెడు

శనివారం మధ్యాహ్నం తోటి ఉద్యోగి స్వామిదాసు బ్యాగు సర్దుకుంటుంటే, రేఖ పార్సిళ్లు స్కాన్ చేస్తూనే ఓరకంట అంతా చూసింది. ఒక చొక్కా, తువ్వాల, నల్ల అట్ట బైబిలు. గుడ్డలో మూట కట్టిన బియ్యం, రెండు కిలోలుంటాయేమో. అడుగున కాగితంలో చుట్టిన కొత్త చెప్పులు. ఆడవాళ్లవి.

ఆమె చేతిలో స్కానర్ ఆగిపోయింది. కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని ఆ పార్సిల్ ఆఫీసులో రేఖ చెయ్యి ఆగడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పొద్దున ఇక్కడ, సాయంత్రం జిరాక్స్ షాపులో, మధ్యలో నిలబడి మింగే రెండు ఇడ్లీలు. అదీ ఆమె రోజు.

"ఎన్నో నంబరు?" అంది.

"ఏంది?"

"గా చెప్పులు."

"ఎనిమిది."

తనది ఆరు. అంటే ఆమె తనకంటే పొడుగు.

"ఎవరికో?"

"ఎల్లారెడ్డిల ఒకామెకు. నీకంటే జోరుగ నడుస్తది. మూడు నెలలకే అరగ్గొడ్తది."

"మరి బియ్యం?"

"అవి కూడ ఆమెకే." స్వామిదాసు జిప్పు లాగాడు. "సోమవారం మొదటి బస్సుకు వస్త. నేనడిగినదానికి గప్పుడన్న జవాబు చెప్పు."

అతను అడిగింది పెళ్లి సంగతి. పది రోజులుగా రేఖ "చెప్త, చెప్త" అంటూనే ఉంది. తాత పేరు పెట్టుకున్న ఈ మనిషి ఏ పనీ తొందరగా చేయడు. తినేముందు అర నిమిషం కళ్లు మూసుకుంటాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఫోను ఆపేస్తాడు. ఆ ఆపేసిన ఫోను మీదే ఆమెకు అనుమానం. ఇప్పుడు దానికి బియ్యం, చెప్పులు తోడయ్యాయి.

పైగా 'మొదటి బస్సు' అన్నాడు. తండ్రి సోమ్లా కూడా అదే మాటన్నాడు. పూణె వైపు చెరుకు కొట్టడానికి పోతుంటే, తొమ్మిదేళ్ల రేఖే అతని చొక్కా మడతపెట్టి బ్యాగులో పెట్టింది. "సీజన్ కాంగనే మొదటి బస్సుకు వస్త" అన్నాడు. రెండేళ్లు ఆమె తండా మలుపులో ఆ బస్సు కోసం నిలబడింది. అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడని ఎవరో చెప్పాక, ఇక ఎక్కడా నిలబడలేదు. తల్లి పార్వతిబాయి మాత్రం ఇప్పటికీ ఎసట్లో అతని పేరున ఒక పిడికెడు ఎక్కువే వేస్తుంది.

ఆదివారం పొద్దున్నే రేఖ ఎల్లారెడ్డి బస్సెక్కింది. లింగంపేట దగ్గర వాన అందుకుంది. అది కూడా ఎవరినో ఆటపట్టిస్తున్నట్టు నింపాదిగా కురుస్తోంది.

బస్టాండులో స్వామిదాసు పేరు చెప్పి అడిగితే ప్రార్థన మందిరం చూపించారు. అదొక రేకుల షెడ్డు. ముందు అరుగు మీద గొడుగు పట్టుకుని ఒక పొడుగాటి ఆడమనిషి. ఆమె కాళ్ల దగ్గర వంగి, చెప్పుల పట్టీ బిగిస్తున్నాడు స్వామిదాసు!

"ఎనిమిదో నంబరు సరిపోయిందా?" రేఖ గొంతు వానను మించి వినిపించింది.

గొడుగు పైకి లేచింది. ముందు పళ్లు రెండు లేని డెబ్బై ఐదేళ్ల ముఖం నవ్వింది. "జర బిగువైనయి బిడ్డా. నువ్వెవలు?"

స్వామిదాసు చెవులు ఎర్రబడ్డాయి. "ఎంకవ్వా, ఈమెనే రేఖ."

"ఓ! ఉరికే పిల్లనా?"

రేఖ అంత సులువుగా లొంగలేదు. "బియ్యం ఎందుకు మోస్తున్నవ్? ఈడ ఎవరి ఇల్లు నడుపుతున్నవ్?"

అతను లోపలికి చూపించాడు. ఆడవాళ్లు వరసగా వచ్చి తమ మూటలు విప్పి ఒక డ్రమ్ములో పోస్తున్నారు.

"వండేటప్పుడల్లా ఒక పిడికెడు తీసిపెడ్తం. పొయ్యి వెలగని ఇండ్లకు ఎంకవ్వ నడిచిపోయి ఇచ్చొస్తది. గందుకే చెప్పులు అరుగుతయి."

"ఇంకో ఆడమనిషి లేదా?"

"ఉంది. ఎంకవ్వ చెల్లె. ఆమెకు డెబ్బై."

రేఖ నవ్వు ఆపుకోవడానికి తల తిప్పుకుంది.

"నేను కూడ నీ లెక్కనే ఉరికినోన్ని," అన్నాడతను మెల్లగా. "తింటున్ననో మింగుతున్ననో తెల్వకపోయేది. ఈ అవ్వనే పిడికెడు నేర్పింది. బియ్యం తీసేటప్పుడు చెయ్యి ఆగుతది. చెయ్యి ఆగినంక 'ప్రభువా' అంట. నా ప్రార్థన గట్లనే షురూ అయ్యింది."

లోపల ఎంకవ్వ ఆమెను తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది. రేఖ ఫోను మోగింది.

"ఎవలు బిడ్డా?"

"పార్సిలు గురించి, అవ్వా."

"పార్సిలు ఏడ్వదు. కూసో."

అందరూ తలలు వంచారు. రేకుల మీద వాన తప్ప చప్పుడు లేదు. కళ్లు మూసుకోగానే రేఖకు తండా మలుపు, తను మడతపెట్టిన చొక్కా కనిపించాయి. లేచి పారిపోవాలనిపించింది. ఎంకవ్వ చెయ్యి ఆమె చేతి మీద పడింది. రేఖ కదల్లేదు. ఏం అడగాలో తెలియక, "ప్రభువా" అని మాత్రం అంది. చాలాసేపు ఏడ్చింది.

బయటికొచ్చాక వాన తగ్గింది.

"నేను ఆగితే ఎదురుచూసుడు మొదలైతది. గందుకే ఉరుకుత," అంది స్వామిదాసుతో. "రేపు మొదటి బస్సుకు నువ్వు రాకపోతే?"

"నువ్వు కూడ గా బస్సులనే ఉంటవ్ గద."

ఆమె అతని బ్యాగు లాక్కుని అరలన్నీ వెతికింది.

"మళ్ల ఏం చూస్తున్నవ్?"

"ఇంకో జత ఉందేమోనని."

"ఆరో నంబరు రేపే కొంట."

"రేపెందుకు? నిదానంగ పెండ్లికి కొను."

ఆ మాట అర్థం కావడానికి స్వామిదాసుకు అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషం రేఖ నిలబడే ఉంది.

మర్నాడు మొదటి బస్సు తండా దగ్గరే ఎక్కుదామని, ఆ సాయంత్రానికే ఇద్దరూ తండా చేరారు. పార్వతిబాయి ఎసట్లో బియ్యం పోసి, ఎప్పటిలాగే మరో పిడికెడు తీసింది. రేఖ తల్లి చెయ్యి పట్టుకుంది.

"యాడీ, గా పిడికెడు నాకియ్యి. తినేటోళ్లు ఉన్నరు."

పార్వతిబాయి స్వామిదాసును కిందికీ పైకీ చూసింది. "బ్యాగు సర్దే మనిషేనా?"

"సర్దుతడు. కాని ఎక్కడికి పోతడో నేను చూసొచ్చిన."

పార్వతిబాయి పిడికిలి చాలాసేపు విప్పలేదు. తర్వాత కూతురి చున్నీ కొంగులో బియ్యం పోసి, తనే ముడి వేసింది. స్వామిదాసుకు కూడా కంచం పెట్టింది.

సోమ్లా 2010 దసరా మర్నాడు, సోమవారం, చెరుకు కొట్టడానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. అతని పేరున తీసే పిడికెడు ఈ రాత్రి మొదటిసారి ఎసట్లో పడలేదు.