శనివారం వైర్లు తీస్తారు

"నోరు తెరవండి" అంది. తెరవబోయి కెవ్వున అరిచా. అదీ మా పరిచయం!

మిర్చి యార్డులో సరుకు వీడియో తీస్తుంటే, లారీ మీంచి మిరపకాయల టిక్కీ, అంటే నిండు బస్తా, జారి నా మొహం మీద పడింది. దవడ విరిగింది. గుంటూరు ఆస్పత్రిలో ఎముకకి బుల్లి టైటానియం ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. మర్నాడు పైపళ్ళనీ కిందపళ్ళనీ కలిపి వైర్లతో కట్టేశారు. రెండు వారాలు నోరు బంద్!

నన్ను నోరు తెరవమన్నదీ, ఆ వైర్లు కట్టిందీ డాక్టర్ భానుశ్రీ. పీజీ ఫైనలియర్. ఒక్కో వైరూ ఎంత సుతారంగా మెలిపెట్టిందో! నొప్పి మర్చిపోయి చూస్తూ ఉండిపోయా.

"ఏంటట్టా చూస్తారు, కరుణాకర్ గారూ? మాది చీరాల, మగ్గాల ఇల్లు. తెగిన పోగులు ముడేసిన చెయ్యి ఇది."

వారం గడిచాక ఫోన్లో టైప్ చేసి చూపించా. 'ఇక్కడ ఎన్నాళ్ళుంటారు?'

"పై శనివారం దాకా. మీ వైర్లు తీసేసి చీరాల వెళ్ళిపోతా."

అయితే శనివారమే చెప్పెయ్యాలి. టైప్ చేసి కాదు, నోటితో!

గురువారం మా అమ్మ ప్రేమమ్మ వార్డుకి రాగిజావ తెచ్చింది. స్ట్రాతో ఒక్క గుక్క లాగా... దేవుడా, కారం! ఊదుకుందామంటే నోరు తెరుచుకోదే! కళ్ళమ్మట నీళ్ళు, ఒకటే దగ్గు. టప్‌మని ఒక వైరు తెగింది.

భానుశ్రీ పరిగెత్తుకొచ్చింది. "జావలో కారమేంటి ఆంటీ?"

"ఒక్క స్పూనేగా అమ్మా! కారం లేకపోతే వాడికెట్టా దిగుద్ది?"

"ఎముక కదిలుంటే వైర్లు ఇంకో రెండు వారాలుంచాలి!"

ఇంకో రెండు వారాలా? అప్పటికి ఈమె ఇక్కడుండదు!

టార్చి వేసి వంగింది. ఆ కళ్ళు అంత దగ్గరగా...

"పళ్ళు ఎప్పట్లాగే కలుస్తున్నాయా?"

తల ఎంత ఊపానో!

"అబ్బా, మెల్లగా!" నవ్వేసి కొత్త వైరు మెలేసింది. "కదల్లేదు. బతికిపోయారు."

శనివారం ఒకటే వాన. వైర్లన్నీ తీసేసింది. తెరిస్తే నోట్లో వేలు దూరేంత సందే! వారం నుంచి ప్రాక్టీస్ చేసిన డైలాగులన్నీ హాంఫట్.

"మీరంటే... ఇష్టం" అన్నా, ముద్దముద్దగా.

ఆమె గ్లవ్స్ తీసి డబ్బాలో పడేసింది. బుగ్గలు మాత్రం ఎర్రబడ్డాయి.

"బిగుసుకున్న దవడకి ఎక్సర్‌సైజ్ కావాలి. ఆ మాటే రోజుకి పదిసార్లు చెప్పండి."

"మీరు చీరాల వెళ్ళాక?"

"ఫోనుంది. ఆదివారాలు రైలుంది."

అంతే, మొదలుపెట్టేశా!

అమ్మ గుమ్మంలో గొడుగు దులుపుతూ అడిగింది. "ఏంటమ్మా, వాడేదో గొణుగుతున్నాడు?"

"ఎక్సర్‌సైజ్ ఆంటీ" అంది భానుశ్రీ, నా మీంచి కళ్ళు తిప్పకుండా. "నాలుగయ్యాయి. ఇంకా ఆరున్నాయి."