మరకనుకుని తుడిచిన గాటు

ఒక్కసారి చూసిన ముఖాన్ని నేను చచ్చినా మరిచిపోను. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాట. నాకు బొడ్డు కోసిన మంత్రసాని ముఖం ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది. నమ్మనివాళ్లు వెళ్లి ఆమెనే అడగండి.

ఆ ఉదయం మా చెల్లెలి వంటింట్లో కూర్చుని టీ చల్లార్చుకుంటున్నాను. నేను గ్లాసు ఎక్కడ పెడితే అక్కడ మరక పడుతోందని ఆమె సణుగుతోంది. అంతలో మేనకోడలు కాగితం చుట్టిన పెద్ద పటం ఒకటి మోసుకుంటూ వచ్చింది.

"అమ్మా, కళ్లు మూసుకో. మామయ్యా, నువ్వూ!"

"నేను మూసుకుంటే నిద్రపోతాను, ముందే చెబుతున్నా."

ఆ పిల్ల ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. ఎవరి ఫోటో ఇచ్చినా కంప్యూటర్లోకి ఎక్కించి, చిత్రకారుడు కుంచెతో వేసిన రంగుల బొమ్మలా మార్చేస్తుంది. ముట్టుకుంటే వేలికి రంగు అంటుకుంటుందేమో అన్నట్టుంటాయి ఆ బొమ్మలు.

కాగితం విప్పింది. నీలం చొక్కా, నున్నటి చెంపలు, చెక్కినట్టున్న గడ్డం. మా చెల్లెలు చాలాసేపు చూసింది.

"ఎవరే ఈయన?"

"నాన్నే, అమ్మా! గుర్తుపట్టలేదా?"

"కాదు."

మా బావగారు బస్సు డ్రైవరు. ఈ పిల్ల పాకే వయసులోనే పోయారు. ప్రతి పెళ్లికీ జనాన్ని చేరవేసిందీ ఆయనే, తీరా ఫోటోల వేళకి బస్సులో గుర్రుపెట్టి నిద్రపోయిందీ ఆయనే. అందుకే ఆయనకు మిగిలింది ఒక్కటే ఫోటో. కూతురికి తండ్రి అంటే ఫ్రేము అద్దం వెనకాల ఉన్న ఆ చిన్న కాగితమే.

"ఇక్కడ గాటుండాలి. గడ్డం కింద. ఏదీ?"

మేనకోడలి ముఖంలో నవ్వు తగ్గింది. "అదా... ఫోటో పాతదైపోయి గీత పడిందనుకున్నానమ్మా. మరకలతో పాటు తుడిచేశాను."

"మీ నాన్నని మరకనుకున్నావా?"

"అలా అంటావేంటమ్మా..."

"సరే, అసలు ఫోటో తీసుకురా."

ఆ పిల్ల తలొంచుకుని అసలు సంగతి చెప్పింది. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే, అద్దం మీద నుంచే స్కాన్ చేసిందట. తర్వాత జాగ్రత్తగా ఊడదీద్దామని నీళ్లలో నానబెడితే ముఖం కాస్తా రంగునీళ్లైపోయింది. కంప్యూటర్లో ఉందిలే అని దిగులుపడలేదు. కానీ బొమ్మ బాగా కుదిరిన సంబరంలో, దాన్ని తీసుకెళ్లి ఆ స్కాన్ చేసిన ఫైలు మీదే సేవ్ చేసేసింది. స్టూడియోకి వచ్చేవాళ్ల ఫోటోలకి నకలు తీయకుండా పని మొదలుపెట్టని పిల్ల, సొంత తండ్రి దగ్గర మరిచిపోయింది.

"అంటే ఇంకెక్కడా లేడా?" అంది మా చెల్లెలు.

"అమ్మా, నేను..."

"ఒకసారి పోయాడు, ఓర్చుకున్నాను. ఇప్పుడు ఇంట్లో కూర్చోబెట్టి మళ్లీ చంపావు."

గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఏడుపు వినిపిస్తే నాకు ధైర్యంగా ఉండేది.

మేనకోడలు కంప్యూటర్ ముందు కూర్చుంది. పోయిన ఫైళ్లను వెతికి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదో పెట్టి చూసింది. ఎవరెవరో పెళ్లికూతుళ్లూ, పుట్టినరోజు కేకులూ బయటికొచ్చాయి గానీ తండ్రి రాలేదు. చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. ఒకరింట్లో బస్సు ఫోటో దొరికింది, డ్రైవరు సీటు ఖాళీ. దాన్ని చూసి చేతుల్లో ముఖం దాచుకుంది.

"మామయ్యా, ఒక్కసారి చూస్తే మరిచిపోనంటావుగా. చెప్పు. నువ్వు చెబితే గీస్తాను. అమ్మ చచ్చిపోతుంది మామయ్యా."

నేను గొంతు సవరించుకున్నాను. "ఆయనకి... ముక్కుండేది." అక్కడితో ఆగిపోయింది నా జ్ఞాపకశక్తి. కనుబొమలు గుబురా, పల్చనా? ఏమో! అయినా వెనక్కి తగ్గుతానా? తోచింది చెబుతూ పోయాను. ఆ పిల్ల డిజిటల్ పెన్నుతో గీస్తూ పోయింది. ముక్కు లావు చేసింది, దవడ కిందికి లాగింది.

ఎప్పుడు తలుపు తీసిందో, మా చెల్లెలు వెనకాల నిలబడి ఉంది.

"అది నీ ముఖం కదా అన్నయ్యా!"

చూద్దును గదా, నేనే! నీలం చొక్కాలో. మంత్రసాని ముఖం కూడా ఎవరిదో ఏమో మరి.

"లే అక్కణ్నుంచి," అని నన్ను తోసి కుర్చీ లాక్కుంది. కూతురి వైపు చూడకుండానే అంది: "ఒకసారి ఆయన కుడిచెయ్యి విరిగింది. కట్టు విప్పేదాకా గడ్డం నేనే గీశాను. ఆ గాటు పెట్టింది నేనే. రక్తం కారుతుంటే కూడా నవ్వాడు, 'పర్లేదు, ఇక నన్ను ఎవరూ ఎత్తుకుపోరు, నీ గుర్తు పడింది' అని."

మేనకోడలు పెన్ను ఎత్తి పట్టుకుంది. "ఎక్కడమ్మా? సరిగ్గా ఎక్కడ?"

మా చెల్లెలికి మాటల్లో చెప్పడం చేతకాలేదు. కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తింది. బొటనవేలితో చెంప మీంచి కిందికి, బ్లేడు నడిపినట్టే మెల్లగా గీసుకుంటూ వచ్చి దవడ మలుపు దాటాక గడ్డం కింద ఆగింది.

"ఇక్కడ."

ఆ వేలి కిందే ఆ పిల్ల భోరుమంది. "నాకు తెలీదమ్మా. ఆయన ఎలా ఉంటాడో నాకు తెలీదు. నచ్చినట్టు చేసుకున్నాను."

"తెలియనిచ్చానా నేను? నీ ముందు ఆయన మాటెత్తితే ఏడుపొస్తుందని నోరు మూసుకు కూర్చున్నాను." కూతురి తల గుండెలకు అదుముకుంది. "గియ్యి. చెబుతాను. ముందు ఆ చెంపల నునుపు తీసెయ్. ఎండలో నల్లబడిన మనిషి."

సాయంత్రం దాకా గీశారు. మధ్యలో ఇద్దరూ మళ్లీ కుంగిపోతుంటే నేనే అందుకున్నాను: "కుడి చెవి కొస కాస్త తెగి ఉండాలి. బస్సెక్కిన మేక ఒకటి వెనక నుంచొచ్చి కొరికింది, మరిచిపోయారా?"

మా చెల్లెలు ఆ రోజంతటికీ అప్పుడే నవ్వింది. "కుడి చెవి కాదు అన్నయ్యా, ఎడమ చెవి."

మేనకోడలు ఎడమ చెవి కొస కత్తిరించింది. ఇప్పుడు గోడ మీద ఉన్నది ఆ పటమే. ఈసారి దానికి ఎన్ని నకళ్లు దాచిందో ఆ పిల్లకే తెలియాలి.

ఇందులో నేను కల్పించింది మేకనే. బావగారి రెండు చెవులూ నిక్షేపంగా ఉండేవి. అది మాత్రం నాకు బాగా గుర్తుంది. మరి మా చెల్లెలు ఎడమ చెవి అని ఎందుకు సరిదిద్దిందో అడగలేదు. పటం తుడిచేటప్పుడు ఆమె చేతిలో గుడ్డ ముందు గడ్డం కింద ఆగుతుంది, ఆ తర్వాత ఆ చెవి దగ్గర.